పులిహోర పొట్లంలో పప్పు ఎంత?

చీరాల నుంచి వాడరేవుకు ఆరేడు కిలోమీటర్లు. 2022 ఏప్రిల్ దాకా అది ప్రకాశం జిల్లా, ఇప్పుడు బాపట్ల జిల్లా. జిల్లా పేరు మారినా సముద్రం మారలేదు. అక్టోబరు, నవంబరు వచ్చేసరికి ఊళ్లోకి తొంగి చూడడం దానికి అలవాటు. వాయుగుండం అన్న మాట వినబడగానే పడవలు ఒడ్డుమీదికి లాగుతారు, వలలు చుట్టి లోపల పెడతారు, ముసలివాళ్లనీ పిల్లల్నీ బడికో తుపాను షెల్టరుకో పంపిస్తారు. రెండు మూడు రోజులు అక్కడే మకాం. పొద్దు వాలేలోగా ఏ ట్రాక్టరులోనో ఆటోలోనో పొట్లాలు వస్తాయి.

అలాంటి పొట్లం ఒకటి విప్పి చూద్దాం. పసుపుపచ్చగా పులిహోర. చింతపండు పులుపు, ఆవాలు, ఎండుమిరపకాయ తుంట, రెండు కరివేపాకు రెబ్బలు. తాలింపులో పడ్డ నాలుగు శనగబద్దలు. వండినాయన చెయ్యి పెద్దదైతే ఐదారు వేరుశనగ గుళ్లు. కడుపు నిండుతుంది. ఒక పూట చెడిపోకుండా ఉంటుంది. వందలమందికి ఒకే గుండిగలో కలపొచ్చు. అందుకే మన వైపు ఎక్కడ ఆపద వచ్చినా అందరికంటే ముందు పులిహోర బయల్దేరుతుంది. వండి పంపినవాళ్లకి దణ్ణం పెట్టాల్సిందే. నేను లెక్కపెట్టబోయేది ఆ నాలుగు శనగబద్దల్ని.

ఒకటి రెండు రోజులైతే ఆ లెక్క ఎవరికీ అక్కర్లేదు. మంచి ఒంటికి రెండు రోజులు పప్పు లేకపోతే వచ్చే నష్టం లేదు. ఆ రెండు రోజులు రెండు నెలలైతే, రెండేళ్లయితే, పైగా బయట మహమ్మారి తిరుగుతూ ఉంటే అప్పుడు ఆ శనగబద్దల సంఖ్య చాలా పెద్ద విషయమవుతుంది. శరణార్థి శిబిరాల్లో ఆరోగ్యం గురించి రాసిన వైద్య గ్రంథాలన్నీ చివరికి చెప్పేది ఈ మాటే.

2020 నవంబరు 25 రాత్రి నివర్ తుపాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో కుండపోత. లోతట్టు జనాన్ని శిబిరాలకు తరలించారు. తిరిగి వెళ్లేటప్పుడు మనిషికి 500 రూపాయలు ఇవ్వమని ప్రభుత్వం ఆదేశించింది. సరే, కొంచెం వెనక్కి వెళ్లండి. అదే ఏడాది మార్చిలో, కరోనా వచ్చినప్పుడు, అదే జనానికి చెప్పింది ఏమిటి? ఇల్లు కదలొద్దు, మనిషికీ మనిషికీ మధ్య ఆరడుగులు ఉండాలి. నవంబరులో చెప్పింది ఏమిటి? ఇల్లు వదిలెయ్యండి, అందరూ ఒకే హాల్లోకి రండి. రెండూ ప్రాణం కాపాడే మాటలే. రెండింటినీ ఒకేసారి పాటించడం మాత్రం ఎవరి తరమూ కాదు. శిబిరంలో మహమ్మారి అంటే ముందుగా ఈ ఇరకాటమే.

ఇలాంటి ఇరకాటాల కోసమే ప్రపంచంలోని సహాయ సంస్థలు కొన్ని కలిసి 1997లో 'స్పియర్' ప్రమాణాలు రాసుకోవడం మొదలుపెట్టాయి. శిబిరంలో మనిషికి మూడున్నర చదరపు మీటర్ల చోటు, అంటే రెండు నులకమంచాలు పక్కపక్కనే వేస్తే పట్టేంత. తాగడానికీ వంటకీ ఒళ్లు కడుక్కోడానికీ కలిపి రోజుకి 15 లీటర్ల నీళ్లు. అది ఒక పెద్ద బిందెడు. ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి. తిండి 2,100 కేలరీలు. విలాసమేమీ లేదు ఇందులో, మనిషి మనిషిగా మిగలడానికి గీసిన కనీస గీత ఇది. కరోనా చేతులు కడుక్కోమంటుంది. ఉన్న ఒక్క బిందెడు నీళ్లలో బిడ్డకి స్నానం ముందా, చేతులు ముందా అన్నది ఆ తల్లి తేల్చుకోవాలి.

ఇప్పుడు తిండి సంగతి.

లాక్‌డౌన్‌లో కేంద్రం మనిషికి నెలకి అదనంగా 5 కిలోల బియ్యం ఉచితంగా ఇచ్చింది. మొదటి నెలల్లో కుటుంబానికి కిలో పప్పు దినుసు కలిపారు. మన రాష్ట్రంలో ఒక విడత కందిపప్పు, ఒక విడత శనగలు అందాయి. ఆ సాయం లేకపోతే ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగేది కాదో అందరికీ తెలుసు. అయినా కూడిక, భాగహారం చేద్దాం. మామూలు రేషన్ 5 కిలోలు, అదనం 5 కిలోలు, మొత్తం నెలకి 10 కిలోలు. రోజుకి 333 గ్రాములు. బియ్యం వంద గ్రాములకి 350 కేలరీల లోపు ఇస్తుంది కాబట్టి రోజుకి సుమారు 1,150 కేలరీలు. కావలసిన దాంట్లో సగం పైచిలుకు. నలుగురున్న ఇంట్లో కిలో పప్పు నెలంతా పంచితే మనిషికి రోజుకి 8 గ్రాములు. చెంచాడు. అందులో మాంసకృత్తులు రెండు గ్రాములు కూడా నిండవు. ఒక కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటాయి.

మామూలు రోజుల్లో ఈ లెక్క ఎవర్నీ భయపెట్టదు, ఎందుకంటే మిగతాది కూలి డబ్బుతో వస్తుంది. అర లీటరు పాలు, తోటకూర కట్ట, వారానికోసారి చేపలు. వాడరేవులో అయితే చేపలకి కరువా! మహమ్మారి చేసింది ఏమిటంటే ఆ మిగతాదాన్ని ఒక్క వేటుతో తెగ్గొట్టింది. కూలి పోయింది, సంత మూతపడింది, వేట ఆగింది, బడి మూతపడి పిల్లల మధ్యాహ్న భోజనం ఆగింది. బియ్యం, కోడిగుడ్లు, చిక్కీలు ఇళ్లకి పంపే ఏర్పాటు చేశారు గానీ, ఇంటికి వచ్చిన గుడ్డు ఆ పిల్లాడి నోట్లోకే వెళ్తుందని పూచీ ఏముంది? ఇంట్లో ఆకలిగా ఉన్నది వాడొక్కడే కాదు గదా. బియ్యం తప్ప మిగతావన్నీ మాయమైన ఇల్లు ఊళ్లో ఉన్నా శిబిరం కిందే లెక్క.

పప్పుకీ బియ్యానికీ నిష్పత్తి ఎంత ఉండాలి? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పే పళ్లెంలో ధాన్యం 250 గ్రాములైతే పప్పులు, లేదా వాటి బదులు గుడ్లు, మాంసం, చేపలు 85 గ్రాములు. అంటే మూడు పాళ్లకి ఒక పాలు. మన సహాయం పొట్లంలో ఎంతుంటుంది? 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. అప్పుడు బాధిత కుటుంబాలకు ప్రకటించిన సరుకులు 25 కిలోల బియ్యం, కిలో కందిపప్పు, లీటరు పామాయిలు, కిలో ఉల్లిపాయలు, కిలో బంగాళాదుంపలు. ఇరవై ఐదుకి ఒకటి. ఎవరి ప్రభుత్వమైనా ఇంతే. మనకి సాయం అంటే బియ్యం బస్తా. పప్పు అంటే పక్కన పెట్టిన తాంబూలం.

ఈ అలవాటు ఇవాళ్టిది కాదు. 1876-78 నాటి ధాత కరువులో మద్రాసు రాజధాని అంతటా సహాయ శిబిరాలు వెలిశాయి. అప్పుడు బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, ఖర్చు తగ్గించాలని, పని చేసే మగమనిషికి రోజుకి ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలునని తేల్చాడు. ఒక పౌను అంటే 450 గ్రాములు. దానితో రాళ్లు కొట్టాలి, మట్టి మొయ్యాలి. మద్రాసు శానిటరీ కమిషనరుగా ఉన్న డాక్టర్ కార్నిష్ ఒప్పుకోలేదు. కూర్చున్నవాడికే చాలని తిండి తట్ట మోసేవాడికి ఎలా సరిపోతుంది, ధాన్యంతో పాటు పప్పూ కూరా లేకపోతే కండ ఎలా నిలుస్తుంది అన్నది ఆయన వాదన. శిబిరాల్లో చావుల లెక్కలు ముందు పెట్టి వాదించాడు. కొన్ని నెలల్లోనే కూలి పెంచక తప్పలేదు, ఆలోగా జరగాల్సిన నష్టం జరిగిపోయింది. వాడరేవుకు దక్షిణంగా పెదగంజాం దగ్గర కొమ్మమూరు కాలువ వచ్చి బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. ఆ కాలువలో మద్రాసు నగరం లోపలి ముక్కని తవ్వింది ఆ కరువు కూలీలే. 1878లో దానికి అప్పటి గవర్నరు పేరు పెట్టారు. తవ్వినవాళ్ల పేర్లు ఎవరూ రాసుకోలేదు. అంతకు ముందు 1832-33లో గుంటూరు సీమని ఊడ్చేసిన డొక్కల కరువు సంగతి ఈ ప్రాంతంలో పెద్దవాళ్ల నోట ఇంకా వినిపిస్తూనే ఉంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, నిదానంగా చెప్పుకోవాలి. ఆకలి రెండు రకాలు. ఒకటి పొట్టకి తెలిసే ఆకలి. రెండోది పొట్టకి తెలియని ఆకలి. బియ్యం మొదటిదాన్ని తీరుస్తుంది, రెండోదాన్ని దాచిపెడుతుంది.

దీనికి ఉదాహరణ మన తీరంలోనే ఉంది. ఉత్తర సర్కారు జిల్లాల్లో సిపాయిలకీ ఖైదీలకీ కాళ్లు తిమ్మిరెక్కి, ఒళ్లు ఉబ్బి, గుండె ఆగిపోయే జబ్బు గురించి మాల్కంసన్ అనే సైనిక వైద్యుడు 1835లోనే ఒక పుస్తకం రాశాడు. ఆ జబ్బు బెరిబెరి. బియ్యాన్ని తెల్లగా పాలిష్ పట్టినప్పుడు తవుడుతో పాటు బి1 విటమిను పోవడం వల్ల వస్తుందని తేలడానికి ఇంకో ముప్పాతిక శతాబ్దం పట్టింది. బెరిబెరి మీద పరిశోధనకని 1918లో కూనూరులో మెకారిసన్ పెట్టిన చిన్న ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ సంస్థ పుట్టుకలోనే పాలిష్ బియ్యం కథ ఉందన్నమాట.

ఇంకో ఉదాహరణకి ఆఫ్రికా వెళ్లాలి. 1990. మొజాంబిక్‌లో యుద్ధం. లక్షలమంది సరిహద్దు దాటి మలావీ దేశంలో శిబిరాల్లో ఉన్నారు. రేషన్ మొక్కజొన్న పిండి, చిక్కుడు గింజలు, నూనె, వేరుశనగ. ఏదో రవాణా ఇబ్బంది వచ్చి వేరుశనగ సరఫరా ఆగిపోయింది. ఆగింది ఒక్క సరుకే, మొక్కజొన్న ఆగలేదు, పొట్టలు ఖాళీగా లేవు. అయినా కొన్ని నెలల్లో సుమారు 18,000 మందికి పెల్లాగ్రా వచ్చింది. మెడ చుట్టూ, చేతుల మీద ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది. తర్వాత విరేచనాలు, ఆ తర్వాత మతి తప్పడం, చావు. ఆ శిబిరాల్లో నయాసిన్ అనే విటమినుకి గుప్పెడు వేరుశనగ గుళ్లే ఆధారం. అవి పోయాయి, చర్మం లేచింది.

ఈ జబ్బు మనకీ తెలియనిది కాదు. జొన్నన్నమే ఆధారంగా బతికిన తెలంగాణ పల్లెల్లో పెల్లాగ్రా కనిపించేది. జొన్నలోని లూసిన్ అనే పదార్థానికీ ఆ జబ్బుకీ సంబంధం ఉండొచ్చని డాక్టర్ సి. గోపాలన్, శ్రీకంఠయ్య 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. పని జరిగింది మన హైదరాబాదులో. మలావీ శిబిరాల వైద్యులు పెల్లాగ్రా గురించి చదవాల్సి వచ్చినప్పుడు ఆ పుస్తకాల్లో మన జొన్న కూలీ కూడా ఉన్నాడు.

మిరప సీమ వాళ్లం కాబట్టి ఒక పక్కమాట. పచ్చిమిరపలో సి విటమిను దండిగా ఉంటుంది. ఆ విటమినుని పెద్ద మొత్తంలో విడదీయడానికి హంగేరీ శాస్త్రవేత్త సెంట్ జార్జి వాడింది కూడా వాళ్ల ఊరి మిరపకాయలే. 1937లో ఆయనకి నోబెల్ వచ్చింది. కానీ గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లే ఎండుమిర్చిలో ఆ విటమిను చాలావరకు ఎగిరిపోతుంది. 1980ల్లో సోమాలియా, సూడాన్, ఇథియోపియా శిబిరాల్లో సి విటమిను అందక చిగుళ్లు నెత్తురు కారే స్కర్వీ తిరిగొచ్చింది. పూర్వం నావికులకి వచ్చే జబ్బు అది. రేషన్‌లో పచ్చిది అన్నదే లేకపోవడం దానికి కారణం. శిబిరానికి బస్తాల్లో వచ్చేవన్నీ ఎండువే గదా.

పొట్టకి తెలియని ఈ ఆకలిని మహమ్మారి ఏం చేస్తుంది? ఒంట్లో జ్వరం ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే శరీరం ఖర్చుపెట్టే శక్తి నూటికి పది పాళ్లు పైన పెరుగుతుంది. అదే సమయంలో నోరు చప్పబడి తిండి సగమవుతుంది. అప్పుడు శరీరం కండ కరిగించుకుని, ఆ మాంసకృత్తులతో రోగంతో పోరాడే కణాలు తయారుచేసుకుంటుంది. కరిగించడానికి కండ ఉన్నవాడు పది రోజులు మంచాన పడి లేస్తాడు. లేనివాడు లేవడు, లేచినా మళ్లీ ఏ విరేచనాలకో నిమోనియాకో దొరుకుతాడు. రోగం తిండిని తగ్గిస్తుంది, తిండి తగ్గితే రోగం ముదురుతుంది. 1918లో స్పానిష్ ఫ్లూ మన దేశంలో కోటికి పైగా ప్రాణాలు తీసిందంటే, అదే ఏడు వానలు ఎగ్గొట్టడం దాని వెనక ఉంది.

శిబిరంలోకి వచ్చేటప్పటికే మన ఆడవాళ్ల పరిస్థితి ఏమిటి? అయిదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 58 మందికి పైగా రక్తహీనత ఉంది. నూటికి నలభై దాటితే తీవ్రమైన ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. ఇంట్లో ఉండగానే ఇది. ఇల్లు పోయాక ఎంతో ఊహించుకోండి.

అలా ఇల్లు పోయినవాళ్లు మనకి దూరంగా ఏమీ లేరు. హైదరాబాదులో బాలాపూర్, దాని చుట్టుపక్కల బస్తీల్లో మయన్మార్ నుంచి పారిపోయి వచ్చిన రోహింగ్యాలు ఐదారు వేలమంది దాకా ఉంటున్నారు. అద్దెకి తీసుకున్న ఖాళీ స్థలాల్లో రేకులు, టార్పాలిన్లు, ఫ్లెక్సీలతో వేసుకున్న గుడిసెలు. జనం వాటిని క్యాంపులనే పిలుస్తారు. చిత్తు ఏరడం, కూలి పని, చిన్న చిన్న కొట్లు వాళ్ల బతుకుతెరువు. లాక్‌డౌన్‌తో ఒక్క పూటలో అది పోయింది. 1951 శరణార్థుల ఒడంబడిక మీద భారత్ సంతకం చెయ్యలేదు, శరణార్థులకంటూ మనకి చట్టం లేదు. వాళ్ల చేతిలో ఉండేది ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థ ఇచ్చిన కార్డు. దానితో రేషన్ దుకాణంలో గింజ రాలదు. పైన చేసిన లెక్కలో ఊరివాళ్లకి 1,150 కేలరీలు అన్నానే, ఆ కేలరీలు కూడా వీళ్లకి లేవు. 2020 ఏప్రిల్‌లో కేంద్ర హోం శాఖ వీళ్ల గురించి రాష్ట్రాలకి లేఖ రాసింది. ఢిల్లీ మర్కజ్ సభలకి వెళ్లొచ్చి ఉంటారు, వెతికి పరీక్షలు చెయ్యండి అని. పరీక్ష అవసరమే. కానీ ప్రభుత్వం కంటికి వాళ్లు ఆకలిగొన్నవాళ్లుగా కాక ముందు అనుమానితులుగా కనబడ్డారు. బియ్యం, పప్పు, నూనె పొట్లాలు పంచింది కోవా లాంటి స్వచ్ఛంద సంస్థలు, దాతలు.

బంగ్లాదేశ్‌లో కాక్స్ బజార్ శిబిరాల్లో అప్పటికే ఎనిమిదిన్నర లక్షలకి పైగా రోహింగ్యాలు. 2020 మే 14న అక్కడ మొదటి కరోనా కేసు తేలింది. ఊహించినంత ఘోరం జరగలేదు. అసలు దెబ్బ తర్వాత వచ్చింది. ప్రపంచం ఖజానాలు ఖాళీ అయ్యి, 2023లో ప్రపంచ ఆహార కార్యక్రమం వాళ్ల నెల రేషన్ విలువని 12 డాలర్ల నుంచి 10కి, జూన్ నాటికి 8కి తగ్గించింది. ఎనిమిది డాలర్లంటే అప్పటి లెక్కలో నెలకి 650 రూపాయలు, రోజుకి 22. మహమ్మారి పోయాక కూడా దాని ఆకలి ఉండిపోతుంది.

వాళ్లు పరాయివాళ్లు, మన గొడవ కాదు అనుకునేవాళ్లకి ఒక మాట. 1941 డిసెంబరులో రంగూను మీద బాంబులు పడ్డాక బర్మా నుంచి నడిచి వచ్చిన లక్షల భారతీయుల్లో తెలుగువాళ్లు వేలకి వేలు. దారి పొడుగునా కలరా, విరేచనాలు, మలేరియా. విశాఖపట్నం కంచరపాలెంలో 'బర్మా క్యాంపు' అన్న పేరు ఇప్పటికీ ఉంది. అంత దూరం ఎందుకు? 1921లో మునిసిపాలిటీ పన్నుల మీద అలిగి దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వెంట చీరాల-పేరాల జనం వేలకి వేలు ఊరు ఖాళీ చేసి, రామనగర్ అని పేరు పెట్టుకుని పాకల్లో పదకొండు నెలలు కాపురం ఉన్నారు. ఎండా వానా పాకలో ఎలా ఉంటాయో మన ముత్తాతలకి తెలుసు. 2020లో గుజరాత్ వెరావల్ రేవులో చిక్కుకుపోయిన మన మత్స్యకారులు నాలుగు వేలకి పైనే. ఎక్కువమంది శ్రీకాకుళం వైపువాళ్లు. వారాల తరబడి పడవల మీదే వంట, పడవల మీదే పడక. ఏప్రిల్ చివర్లో బస్సులు పెట్టి తెచ్చారు. వాళ్లని శరణార్థులనలేం, కానీ ఆ పడవ శిబిరం కాకపోతే మరేమిటి?

మిరప కోతల సంగతి మన జిల్లాల వాళ్లకి చెప్పక్కర్లేదు. జనవరి వస్తే కర్నూలు పడమటి ఊళ్ల నుంచి, కోసిగి, ఆదోని వైపు నుంచి కుటుంబాలకి కుటుంబాలు దిగుతాయి. చేల పక్కన పరదా గుడారం, మూడు రాళ్ల పొయ్యి, ట్యాంకు నీళ్లు. పిల్లలు బడికి దూరం, అంగన్‌వాడీకి దూరం. రేషన్ కార్డు సొంతూళ్లో. 2020 మార్చి 24 రాత్రి దేశమంతా లాక్‌డౌన్ పడేసరికి ఆ గుడారాలే శిబిరాలయ్యాయి. గుంటూరు యార్డు మూతపడితే రైతు చేతిలోనూ డబ్బు ఆడలేదు. తెలంగాణలో ములుగు జిల్లా కన్నాయిగూడెం మిరప చేలకి కూలికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ పిల్ల, పన్నెండేళ్లది, తోటివాళ్లతో అడవి దారిన మూడు రోజులు నడిచి ఏప్రిల్ 18న ఇంటికి కొద్ది దూరంలో కుప్పకూలి చనిపోయింది. కరోనా పరీక్షలో ఆమెకి ఏమీ లేదు. ఒంట్లో నీళ్లూ లవణాలూ తప్పిపోయాయని డాక్టర్లు చెప్పారు. మహమ్మారి చావుల లెక్కలో ఆ పిల్ల లేదు.

ఏం చెయ్యాలో తెలియక కాదు. ఆ ఏడాదే మన రాష్ట్రం క్వారంటైన్ కేంద్రాల్లో మనిషికి రోజుకి 500 రూపాయల లెక్కన గుడ్డుతో, పండుతో భోజనం పెట్టింది. రోగం ముదరకుండా ఉండడానికి మంచి తిండి పెట్టాలని ప్రభుత్వానికి తెలుసు. శిబిరంలోవాళ్లకీ, గుడారంలోవాళ్లకీ అదే సూత్రం వర్తిస్తుందని మాత్రం తట్టలేదు. తిండే మందు అనడానికి ఇప్పుడు గట్టి రుజువు కూడా ఉంది. జార్ఖండ్‌లో క్షయ రోగుల ఇళ్లలోని మిగతావాళ్లకి నెలకి 5 కిలోల బియ్యం, కిలోన్నర పప్పు, విటమిను మాత్రలు ఇచ్చి చూశారు. ఆ ఇళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 39 శాతం తగ్గిందని 2023లో లాన్సెట్‌లో వచ్చింది. నిష్పత్తి గమనించారా? సుమారు మూడుంబావుకి ఒకటి.

అందరికీ పనికొచ్చే వస్తువు ఒకటి చెప్తాను. ఆరు నెలల నుంచి ఐదేళ్ల పిల్లల జబ్బ చుట్టుకొలత కొలిచే టేపు. కాగితంలా పల్చగా ఉంటుంది, మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు. భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్య చుట్టి చూస్తే 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. 11.5 కంటే తక్కువైతే ఎరుపు, అంటే నాలుగున్నర అంగుళాలు. ఒక పెద్ద నిమ్మకాయ చుట్టుకొలత కంటే సన్నగా ఉందన్నమాట ఆ చెయ్యి. ఎరుపు పడితే ఆ బిడ్డని ఆ రోజే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. కరోనా కాలంలో ఆరోగ్య కార్యకర్తలు ముట్టుకోకూడదని, చాలా దేశాల శిబిరాల్లో ఆ టేపు తల్లుల చేతికే ఇచ్చి కొలవడం నేర్పారు. చదువు రాని తల్లి కూడా రంగు చూసి చెప్పగలదు. మహమ్మారి నేర్పిన మంచి పనుల్లో ఇదొకటి. ఇది మన ప్రతి షెల్టరులోనూ, ప్రతి మిరప గుడారం దగ్గరా ఎందుకు ఉండకూడదు? దాని ఖరీదు లెక్కలోకి రాదు.

ఇక తిండి. శిబిరానికి పంపే తిండి చెడిపోకూడదు, వంట తేలికవ్వాలి, జనం తినాలి. ఆ మూడూ ఉన్నవి మన జిల్లాల్లోనే దొరుకుతాయి. ప్రకాశం నల్లరేగడిలో శనగ పండుతుంది. వేయించిన శనగలకి పొయ్యి కూడా అక్కర్లేదు. వేరుశనగ చిక్కీ నెల నిలవుంటుంది. గుప్పెడు పల్లీల్లో ఏడెనిమిది గ్రాముల మాంసకృత్తులు, పైగా మలావీలో మాయమైన ఆ నయాసిన్. వాడరేవు ఇసుక మీద ఎండే నెత్తళ్లు ముల్లుతో సహా తినేవి కాబట్టి సున్నం కూడా అందుతుంది. శాకాహారులకి శనగ, మిగతావాళ్లకి నెత్తళ్లూ గుడ్డూ. నిమ్మకాయ పిండితే పప్పులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. పులిహోర చెయ్యండి, తప్పేం లేదు, దాంట్లో శనగబద్దలు గరిటెడు కాదు, సోలెడు పొయ్యండి. పాలిచ్చే తల్లికి రెండో పొట్లం ఇవ్వండి. జ్వరం వచ్చినా, కరోనా వచ్చినా, మాస్కు కట్టుకుని పాలు ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదటి నుంచీ చెప్తూనే ఉంది. విరేచనాలు పట్టిన పిల్లలకి ఓఆర్ఎస్ పొట్లాలు ముందే తెచ్చి పెట్టుకోవాలి, తుపాను గాలిలో మందుల షాపు తెరిచి ఉండదు.

వంట పెట్టే చోట కార్డు అడగకండి. ఆకలికి ఆధార్ నంబరు ఉండదు. కర్నూలు కూలీ అయినా, ఛత్తీస్‌గఢ్ గొత్తికోయ అయినా, బర్మావాడైనా ఆ వరసలో నిలబడ్డాడంటే తినడానికే నిలబడ్డాడు.

వచ్చే తుపాను కాలం లోపల మీ ఊరి షెల్టరు తాళం ఎవరి దగ్గరుందో సచివాలయంలో కనుక్కోండి. ఆ గదిలో బియ్యం బస్తాలు ఎన్ని పెడుతున్నారో ఎలాగూ చెప్తారు. పప్పు ఎన్ని కిలోలో మీరే అడగాలి.